పాతర దిగే సుబ్బరాయప్ప

బీరు వాసన చూడడం నేర్పే కోర్సులు బెంగళూరులో ఉన్నాయి. వారం రోజులు కూర్చోబెట్టి, చిన్న చిన్న గ్లాసుల్లో పోసి, ఇందులో నారింజ తొక్క తెలుస్తోందా, ఇందులో మాడిన రొట్టె తెలుస్తోందా, ఇందులో తడిసిన అట్టపెట్టె తెలుస్తోందా అని అడిగి, చివర్లో ఒక కాగితం చేతిలో పెడతారు. మా బారులో ఆ కాగితం ఉన్నవాళ్ళు నలుగురు. నాకు లేదు. పాలిటెక్నిక్ రెండో ఏడులో నేను కాలేజీని వదిలేసినప్పటి నుంచీ కాగితాలకూ నాకూ పడదు. అయినా పదమూడేళ్ళుగా ఆ కౌంటరు వెనక నిలబడి ఈ నగరానికి బీరు తాగడం నేర్పింది నేనే. ఎవరినైనా అడగండి. ముఖ్యంగా నన్ను అడగండి.

కానీ ఆ నలుగురి ముక్కులూ నా ముక్కూ ఒక పళ్ళెంలో పెట్టి తూచినా మా మామ ముక్కుకు సరితూగవు. ఆయన పేరు సుబ్బరాయప్ప, మా అమ్మకు అన్న, తమిళనాడులో ధర్మపురి పక్కన ఇండూరులో రాగి పండించే రైతు. ఇప్పుడు డెబ్బై రెండేళ్ళు. ఆయన గురించి నేను కౌంటరు మీద మోచేతులు ఆనించి చాలానే చెప్పాను. కారిమంగళం సంతలో మూట విప్పకుండా, గోనెకు ముక్కు ఆనించి, ఇది ఎగువ చేను రాగి, కోతకు ముందు వాన తగిలింది, కళ్ళంలో ఫలానా ఎద్దు తొక్కింది అని చెప్పేస్తాడన్నాను. ఎద్దు సంగతి నేను కలిపింది. మిగతాది నిజం.

ఆ ముక్కు ఆయనకు పాతర్ల దగ్గర వచ్చింది.

పాతర అంటే ఇప్పటివాళ్ళకు చెప్పాలి. ఇంటి ముందర గట్టి మొరం నేలను బావిలాగా తవ్వుతారు. నోరు ఒక మనిషి పట్టేంతే ఉంటుంది, లోపల మాత్రం కుండ పొట్టలా వెడల్పు. చుట్టూ రాగి గడ్డి మందంగా పేర్చి, రాగులు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి, బండ వేసి, బండ మీద మట్టీ పేడా కలిపి పూస్తారు. ఎలుక రాదు, పురుగు పట్టదు, దొంగకు కనబడదు. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో మూడేళ్ళ కిందటి రాగి, నాలుగేళ్ళ కిందటి రాగి తీసుకుని తినేవాళ్ళు. ఇండూరులో మా తెలుగు ఇళ్ళు నలభై ఉంటే, వాటి ముందు ముప్పై ఒక్క పాతర్లు ఉండేవని మా అమ్మ చెబుతుంది.

మూసి ఉన్న పాతరలో రాగి కాకుండా ఇంకొకటి కూడా ఉంటుంది, చెడ్డ గాలి. తెలియక దిగినవాడు దిగిన చోటే కూలబడిపోతాడు. అందుకే ఏ ఇంటివాళ్ళు పాతర తెరవాలన్నా మా మామకు కబురు వచ్చేది. బండ తీసిన గంట వరకూ ఆయన ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. తాడుకు వేపకొమ్మ కట్టి, బావిలో బొక్కెన ముంచినట్టు పైకీ కిందికీ ఆడించి లోపలి గాలిని కలిపేవాడు. ఆ తర్వాత లాంతరు దించేవాడు. దీపం ఆరిపోతే మళ్ళీ కొమ్మ. దీపం నిలబడినా ఆయనకు చాలదు. నేల మీద బోర్లా పడుకుని, తల పాతర నోట్లోకి వంచి, ఒక్క ఊపిరి పీల్చేవాడు. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళ చేటలు కదిలేవి కావు. ఆయన నెమ్మదిగా లేచి, మోచేతుల మట్టి దులుపుకుని, ఒకే ఒక్క మాట అనేవాడు.

“దిగొచ్చు.”

దిగేది కూడా ఆయనే. ఇంకొకరిని దింపి పైన నిలబడడం ఆయన ఎరగడు. తట్టల కొద్దీ రాగి పైకి వచ్చేది, వీధంతా ఆ వాసన కమ్ముకునేది. ఆ వాసన ఎలా ఉంటుందో చెప్పమని బారులో నన్ను చాలామంది అడిగారు. నేను ప్రతిసారీ ఒక్కో రకంగా చెప్పాను. ఇక్కడ నిజం చెబుతాను. మొదటి వాన తడిపిన మొరం వాసన, దాని వెనక పాత గడ్డి, గడ్డి వెనక కొంచెం పులుపు, అన్నిటికీ అడుగున ఎక్కడో బెల్లం. రెండు వీధుల అవతల ఉన్నా ముక్కు చెప్పేసేది, ఇవాళ ఫలానా వాళ్ళ పాతర తెరిచారని. ఆ రోజు ఆ ఇంట్లో పని చేసినవాళ్ళకందరికీ సంకటి, అవరెకాయల, అంటే అనపకాయల, పులుసు.

ఆ వాసన మాకు సంబరమే గాని, సిగ్గు కూడా. పాతర రాగిని అలాగే విసిరి వండరు. ఇంట్లో తినడానికైతే ఒక రోజు ఎండబెడతారు. చుట్టాలకు పెట్టాలంటే కడిగి, మూడు రోజులు ఎండబోసి, తూర్పారబట్టి, పాతర పేరు కూడా తెలియనంతగా వాసన పోగొట్టాలి. పాతర వాసన వచ్చే సంకటి చుట్టం ముందు పెట్టడమంటే మాసిన పంచె కట్టుకుని పెళ్ళికి పోయినంత పరువు తక్కువ. ఇంకొక కట్టు కూడా ఉండేది. ఎంత కరువు వచ్చినా పాతరను అడుగంటా ఊడ్చరు. అడుగున మోకాటి లోతు రాగి వదిలేస్తారు. పాతర కడుపు మాడకూడదని మా మామ అనేవాడు.

రేషను బియ్యం వచ్చాక రాగి తినేవాళ్ళు తగ్గారు. రాగి తగ్గాక పాతర్లు తగ్గాయి. ఒకదాని మీద నీళ్ళ తొట్టి వచ్చింది, ఒకదాని మీద మిద్దె మెట్లు వచ్చాయి, రెండింటిని చెత్తతో పూడ్చారు. మా మామను పిలిచే కబుర్లు ఏడాదికి పది, ఏడాదికి మూడు, ఆ తర్వాత లేవు. లాంతరు గాజు పగిలితే మళ్ళీ కొనలేదు. చివరికి ఊళ్ళో మిగిలింది ఆయన ఇంటి ముందరి పాతర ఒక్కటే. అందులో రాగి పోసి అయిదేళ్ళయింది. మా అత్త కెంపమ్మ బతికుండగా పోసినది. పైన పూత ఆవిడ చేతిదే, ఎండిన పేడ మీద వేళ్ళ గీతలు అలాగే ఉండేవి. ఆవిడ పోయాక ఆయన దాన్ని తెరవలేదు.

ఆ పాతర మీదికి ముప్పు తెచ్చింది కారు. మా మామ కొడుకు శరవణన్ ధర్మపురిలో డ్రిప్పు పైపుల అంగడి పెట్టాడు. మంచివాడే, నాలాగా కబుర్లు చెప్పలేడు, అంతే. కిందటి ఏడు కారు కొన్నాడు. ఇంటి ముందర కంకర పరిచి, సిమెంటు వేసి, పైన రేకులు కప్పాలన్నాడు. ఆ జాగాకు సరిగ్గా నడిమధ్య పాతర ఉంది.

“చక్రం దిగితే ఎవురు లాగేది? పిల్లోళ్ళు ఆడుకునే చోటు,” అన్నాడు వాళ్ళ నాయనతో. “ఊళ్ళో ఎవురికీ లేని పాతర మనకెందుకు, చెప్పు నాయనా. దేనికన్నా ఉపయోగపడతా ఉంటే సరి, వదిలేస్తా.”

 సంక్రాంతి నెల దాటాక చేసుకో అన్నాడట మా మామ. నాకు ఆ సంగతి ఫోనులో మా అమ్మ చెప్పింది. ఆ రోజు కౌంటరు దగ్గర నేను మామూలు కంటే ఎక్కువ మాట్లాడాను. పాతరలో నూరేళ్ళ కిందటి రాగి ఉందని, దాన్ని వాసన చూస్తే తాతలు కలలోకి వస్తారని చెప్పాను. అది విన్నది కీర్తిక.

కీర్తిక మా బారులో బీరు కాచే మనిషి. వెనక గదిలో ఉన్న స్టీలు పీపాలన్నీ ఆమె మాట వింటాయి. ముప్పై నాలుగేళ్ళు ఉంటాయి, పాపారపట్టి పిల్ల, అంటే మాకు దాదాపు పక్క ఊరే. ఇంట్లో మా తెలుగే మాట్లాడతారు, రాయడం చదవడం తమిళం. నా నూరేళ్ళ మాట ఆమె నమ్మలేదు. మురళీ, నువ్వు చెప్పేదాంట్లో పదో వంతు నిజమైనా నేను చూడాలి అంది.

జనవరి చివర్లో ఇద్దరం ఇండూరుకు పోయాం. మా మామ ఆమె కోసం పాతర తెరిచాడు. పూతను గడ్డపారతో పగలగొట్టలేదు. చుట్టూ గీసి, పెళ్ళలు పెళ్ళలుగా లేపి, గోడ పక్కన వరసగా పెట్టాడు. వేపకొమ్మ ఆడించాడు, పక్కింటి నుంచి లాంతరు తెప్పించి దించాడు, బోర్లా పడుకుని ఊపిరి పీల్చాడు, ఆ ఒక్క మాట అన్నాడు. అప్పుడు కీర్తిక చేసిన పని ఇండూరులో ఏ ఆడమనిషీ చేసి ఉండదు. జీన్సు ప్యాంటుతో మట్టిలో బోర్లా పడుకుని, తను కూడా తల పాతర నోట్లో పెట్టింది. చాలాసేపు లేవలేదు. నేను భయపడి కాళ్ళు పట్టుకున్నాను.

లేచాక ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. “తాతా, ఈ వాసన గ్లాసులోకి రావాలి. నాకు వేరే ఏమీ అక్కరలేదు,” అంది.

మా మామ తల ఊపాడు. పట్నంలో ఉండే పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల, పెద్దవాడి ముందు ముక్కు మూసుకోకుండా మంచి మాట అంటోంది అనుకున్నాడు. ఈ సంగతి ఆ తర్వాత గాని మాకు తెలియలేదు.

మార్చిలో మా బారు పండగ. ఏటా ఒక ఆదివారం చేస్తాం. ఆ రోజుకు పాతర రాగితో ఒక కొత్త బీరు దించుతానని, అది నిలిస్తే ప్రతి ఏడూ ఈ పాతర రాగి తనే తీసుకుంటానని కీర్తిక అక్కడే శరవణన్ ఎదుట చెప్పింది.  ఏటా తీసుకునేటట్టయితే కారుకు వేరే జాగా చూసుకుంటానన్నాడు శరవణన్. లేదంటే పండగ మరుసటి రోజు, సోమవారం, కంకర లోడు దిగుతుందన్నాడు. మాట అయిపోయింది. మూటలు మా మామ పదిహేను రోజుల్లో పంపిస్తానన్నాడు, అన్నట్టే పంపించాడు. మూటలు దించుకుంది నేనే. రాగులు గాజుపూసల్లా మెరిసిపోతుంటే మా మామ పనితనం అంటే ఇదీ అని గోదాము వాళ్ళకు ఉపన్యాసం ఇచ్చాను. ముక్కు పెట్టి చూడాలన్న సంగతి నాకు తట్టలేదు. ఆ వారం కీర్తికకు జలుబు.

పండగ రోజు సంగతి చెప్పాలంటే, అంత జనాన్ని బెంగళూరు ఎప్పుడూ చూసి ఉండదు. వరస మెట్రో స్టేషను దాకా పోయింది. సరే, మూల మీది మందుల షాపు దాకా. పొద్దున పదకొండుకే తప్పెట్లు మొదలయ్యాయి. బయట పందిట్లో సంకటి, నాటుకోడి పులుసు. లోపల నాలుగు గుంటలున్న చెక్క పలకలు, గుంటకో చిన్న గ్లాసు, గ్లాసుకో రంగు. కొత్త బీరు పేరు నల్లబల్ల మీద తమిళంలో, ఇంగ్లీషులో కీర్తిక రాసింది. తెలుగులో నేను రాశాను. మదనపల్లె నుంచి వచ్చిన మా వంటమనిషి దగ్గర తెలుగు అక్షరాలు పదిహేను రోజుల్లో నేర్చుకున్నానని అందరికీ చెబుతుంటాను. రెండేళ్ళు పట్టింది.

మా మామ తన కొడుకు కారులోనే వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద కొత్త తుండు. మొట్టమొదట వెనక గదికి తీసుకుపోయి, బార్లీతో పాటు రాగి ఉడికే పెద్ద పాత్ర చూపించాం. పాతర రాగి మొలకెత్తదు కాబట్టి దాన్ని పిండి చేసి, గంజి కాచి కలుపుతామని కీర్తిక చెప్పింది. ఆయన లోపలికి తొంగి చూసి, కలిపే తెడ్డు చేత్తో పట్టుకుని, ఇంతోటి దానికి ఇంత స్టీలు ఎందుకు, సంకటి కుండే గదా అన్నాడు. తర్వాత కొయ్య సుత్తి ఇచ్చి పీపాకు కొళాయి కొట్టమన్నాం. ఒక్క దెబ్బతో దిగింది. పాతర బండలు లేపిన చేయి అది. తప్పెట్లు మోగాయి, జనం గ్లాసులు పట్టుకుని మీద పడ్డారు.

నాలుగు గ్లాసుల పలక ఆయన ముందు పెట్టాను. పిచ్చుకలకు పోసినట్టు పోసినావేమిరా అన్నాడు. కొత్త బీరు ఉన్న గ్లాసు తీసుకుని, తల వెనక్కు వంచి, జానెడు ఎత్తు నుంచి నోట్లో పోసుకున్నాడు. మా ఊళ్ళో నీళ్ళు ఎలా తాగుతారో అలాగే. సగం నురగ మీసం మీద పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోనులు ఎత్తారు.

నోరు ఆనించి తాగాలని, ముక్కు గ్లాసులో ఉంటేనే బీరు తెలుస్తుందని కీర్తిక నచ్చచెప్పింది.

“ఈ గ్లాసు కడిగి ఇంకొకరికి ఇచ్చేదే గదా పాపా,” అన్నాడు ఆయన. “నా ఎంగిలి ఇంకొకరు తాగాల్నా?”

జనానికి బీరు నచ్చింది. తేలిగ్గా ఉంది, చల్లగా దిగుతోంది, ఇంకొకటి పోయండి అన్నారు. నేను రెచ్చిపోయాను. నూరేళ్ళ పాతర కాస్తా నూట యాభై ఏళ్ళదయింది. శరవణన్ ఒక మూల కుర్చీలో కూర్చుని, అంత జనం వాళ్ళ ఇంటి రాగి తాగుతుంటే నమ్మలేనట్టు చూస్తున్నాడు. కారు వీధిలో పెట్టుకోవాల్సిందే అని అతని మొహం మీదే రాసి ఉంది. గెలిచేశామనుకున్నాను.

కీర్తిక మాత్రం కొళాయి పక్కన నిలబడి, ఒకే గ్లాసును మళ్ళీ మళ్ళీ వాసన చూస్తోంది. ఆమె మొహంలో పండగ లేదు.

మా మామ నా చొక్కా పట్టి పక్కకు లాగాడు. రెండో గుక్క పోసుకుని నోట్లోనే తిప్పుతున్నాడు. మింగి, చిన్నగా అన్నాడు.

“బాగుంది అల్లుడూ. కానీ ఇందులో నా పాతర లేదే.”

గొంతు తగ్గించమన్నాను. జనం తాగుతున్నారు, శరవణన్ చూస్తున్నాడు, నువ్వు తల ఊపితే చాలు పాతర నిలబడుతుంది అన్నాను. అబద్ధం ఆడమనలేదు, ఊరికే ఉండమన్నాను. నా ముప్పై తొమ్మిదేళ్ళలో నేను చెప్పిన మాటల్లో ఇంత తెలివైనది లేదనుకున్నాను.

ఆయన నన్ను చూశాడు. పాతర నోటి దగ్గర, దీపం ఆరిపోయినప్పుడు, చుట్టూ ఉన్నవాళ్ళు తొందరపెడితే ఇలాగే చూసేవాడు. “వాసన చూసి లేనిది ఉందని చెప్పినానంటే, ఇంతకాలం నేను చెప్పిందంతా ఏమవుతుందిరా?” అని, గ్లాసు పలక మీద పెట్టి, నేరుగా కీర్తిక దగ్గరికి పోయాడు.

ఆమె కూడా అదే అనుకుంటోంది. మరిగించినప్పుడు ఆ వాసన ఎగిరిపోయి ఉంటుందని, అది గ్లాసులోకి వచ్చే రకం కాదేమోనని, ఏటా తీసుకుంటానని ఎలా చెప్పనని నలుగుతోంది. ఈయన పోయి, పాపా, ఇందులో పాతర లేదు గదా అనేసరికి ఆమెకు ఏడుపు వచ్చినంత పనైంది. మూటలు ఎలా కట్టి పంపించారు తాతా అని అడిగింది.

మా మామ నిటారుగా నిలబడి, మంచి పని చేసినవాడి గొంతుతో చెప్పాడు.

“రెండు నీళ్ళు కడిగించినాను. మూడు దినాలు మిద్దె మీద ఎండబోసినాను. మూడుసార్లు తూర్పారబట్టినాము. నీ ఇంటికి వచ్చే రాగి పాపా, ఒక్క గింజకన్నా పాతర వాసన ఉంటే నాకు తలవంపులు కాదా?”

 గోదాములో నేనిచ్చిన ఉపన్యాసం నాకు గుర్తొచ్చింది. చుట్టూ తప్పెట్లు మోగుతూనే ఉన్నాయి. కీర్తిక రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వి నవ్వి కొళాయికి ఆనుకుని, ఆ వాసన కోసమే గదా తాతా నేను మట్టిలో పడుకున్నది అంది. ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక తుండు తీసి మొహం తుడుచుకున్నాడు. మీసం మీద నురగ ఎప్పుడో ఆరిపోయింది, అయినా తుడుచుకున్నాడు.

శరవణన్ ఎప్పుడు వచ్చి వెనక నిలబడ్డాడో చూడలేదు. “మొత్తం ఎండబెట్టేసినావు గదా నాయనా. ఆపైన ఇంకేముంది,” అన్నాడు. మాటలో వెటకారం లేదు, జాలి ఉంది. అది ఇంకా కష్టం.

“అడుగున ఉంది,” అన్నాడు మా మామ.

“అది తీయగూడదని నువ్వే అంటావు.”

“పాతరే పోయేటట్టుంటే, ఎవురి కడుపు మాడకుండా చూసేది నేను?”

శరవణన్ బయటికి పోయి లోడు మనిషికి ఫోను చేశాడు. కంకర దించవచ్చు, కానీ గోడ వారన దించాలి, పరచకూడదు అన్నాడు. లోపలికి వచ్చి కీర్తికను ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. మూడు వారాలంది. మూడు వారాలు ఆగుతా, దాని మీద ఒక్క దినం ఆగేది లేదు అన్నాడు.

సోమవారం పొద్దున ఇండూరులో మేం దిగేటప్పటికి గోడ వారన కంకర గుట్ట ఉంది. నేను పాతరలోకి దిగి మోకాటి లోతు రాగి తట్టలకెత్తానని బారులో చెబుతుంటాను. నిజానికి తాడు పట్టుకున్నాను. తాడు ఇంకో కొస శరవణన్ పట్టుకున్నాడు. దిగింది మా మామ. డెబ్బై దాటిన మనిషిని దింపడానికి కొడుకు ఒప్పుకోలేదు, తనే దిగుతానన్నాడు. వాసన చూసి చెప్పడం వస్తుందా అని ఆయన అడిగితే తాడు కొస చేతికి చుట్టుకున్నాడు. కొమ్మ, లాంతరు, ఊపిరి, అన్నీ అయ్యాయి. తట్టలు ఒకటొకటిగా పైకి వచ్చాయి. చివరి తట్ట వచ్చాక కూడా ఆయన చాలాసేపు పైకి రాలేదు. శరవణన్ రెండుసార్లు పిలిచాడు. లోపల చేత్తో నేలను తడుముతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత తాడు కదిలింది.

ఈసారి కడగలేదు, ఎండ చూపించలేదు. పాతర గడ్డినే గుప్పెడు గుప్పెడు మూటల్లో కుక్కి, మూతులు బిగించి కట్టాడు. వాసన పోతుందని కారు అద్దాలు తెరవనివ్వలేదు. ఒక మూట ఒళ్ళో పెట్టుకుని, ఇండూరు నుంచి బెంగళూరు దాకా, ఆ ఎండలో, అద్దాలన్నీ మూసి కూర్చున్నాడు. కొత్త కారుకు ఉండే కొత్త వాసన ఆ రోజుతో సరి. శరవణన్ నెల రోజులు ఊదుబత్తులు వెలిగించుకున్నాడు.

కీర్తిక ఈసారి రాగి అంతా మరిగించలేదు. సగం గంజిలో కలిపి, మిగతాది సన్నగా వేయించి, పలచటి గుడ్డలో మూట కట్టి, బీరు పులిసే పీపాలోకి తాడుతో దించింది. చూస్తే లాంతరు దించినట్టే ఉంది.

సరిగ్గా మూడు వారాలకు, సోమవారం మధ్యాహ్నం. పండగ లేదు, తప్పెట్లు లేవు. కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. మేం నలుగురమే. కీర్తిక ఒక పెద్ద గ్లాసులో పోసి మా మామ చేతికిచ్చింది. 

ఆయన అలవాటుగా తల వెనక్కు వంచి గ్లాసు పైకెత్తాడు. పోయలేదు. గ్లాసు గాల్లో అలాగే ఆగింది. నెమ్మదిగా దించాడు. రెండు చేతులతో పట్టుకుని, మొహం దాని మీదికి వంచి, ముక్కు లోపలికి పోయేదాకా వంగి, ఒక్క ఊపిరి పీల్చాడు. కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు, డెబ్బై ఏళ్ళలో మొదటిసారి నలుగురి ముందు, గ్లాసుకు పెదవి ఆనించి తాగాడు.

గ్లాసు బల్ల మీద పెట్టి, మోచేతులు దులుపుకున్నాడు. వాటి మీద మట్టి లేదు.

“దిగొచ్చు,” అన్నాడు.

శరవణన్ ఆ గ్లాసే అందుకున్నాడు. వేరే గ్లాసు ఇస్తానని కీర్తిక అంటున్నా వినిపించుకోలేదు. నాయన పెదవి ఆనిన చోట చూశాడు, ముక్కు దించాడు. అతను బీరు తాగే మనిషి కాదు, ఒక్క గుక్క తాగాడు. కిటికీ వైపు తిరిగాడు. అటు ఏముందో నాకు తెలుసు, స్కూటర్ల వరస తప్ప ఏమీ లేదు.

“మురళీ,” అన్నాడు, ఇటు తిరక్కుండానే. “ఆ కంకర ఎవురికన్నా కావాల్నేమో అడుగు.”

ఆ పీపా కోసం బెంగళూరులో కొట్టుకున్నారని నేను చెబుతుంటాను. ఎవరూ కొట్టుకోలేదు. పాత ఇల్లు వాసన వస్తోందని చాలామంది పక్కకు పెట్టారు. తాగినవాళ్ళలో సగం మంది మా వైపు వాళ్ళే. హోసూరు వాళ్ళు, కృష్ణగిరి వాళ్ళు, పాపారపట్టి నుంచి వచ్చి కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు. ఒక పెద్దమనిషి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అరగంట కూర్చుని, తాగకుండా ఇంటికి తీసుకుపోవచ్చా అని అడిగాడు. కీర్తిక ఏటా అడిగేది రెండు మూటలే, ఒక్క చిన్న పీపాకు సరిపోయేంత. కానీ ఏటా అడుగుతానంది, శరవణన్ సరే అన్నాడు.

కారు ఇప్పుడు వీధిలో వేపచెట్టు కింద నిలబడుతోంది, కాకులు దాని పని చూసుకుంటున్నాయి. మా మామ కొత్త లాంతరు కొన్నాడు. ఈ ఏటి రాగి పోసినప్పుడు పూత ఆయనే పూశాడు. వేళ్ళ గీతలు అత్తవంత తిన్నగా రాలేదు. గోడ పక్కన దాచిన పాత పెళ్ళలు నీళ్ళలో నానబెట్టి కొత్త మట్టిలో కలిపాడట. మా అమ్మ ఫోనులో చెప్పింది.

పాతర అడుగున మోకాటి లోతు రాగి మళ్ళీ ఉంది.